దీపం ఆరేదాక

లింగయ్య సేటు పరామర్శకు వస్తూ ఆ రోజు మరాఠీ పేపరు చంకలో పెట్టుకొని వచ్చాడు.

సిద్ధరాములు దినాలు అంతకు ముందు రోజే అయిపోయాయి. భివండీలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే కొడుకు గుండు చేయించుకొని, కర్మ ముగించి, తెల్లారి బండికే వెళ్లిపోయాడు. సిద్ధరాములు భార్య చంద్రభాగ గోడకానుకొని కూచుంది. పక్కింటి అంజమ్మ కుర్చీ తెచ్చి వేసి కొంగుతో దుమ్ము దులిపింది. సేటు కూచున్నాడు. అతని వెనక గడపలో నిలబడ్డవాడు మేనల్లుడు అంబాదాస్, హైస్కూల్లో సైన్సు సారు.

"సిద్ధరాములు నాకు తమ్ముని లెక్క," అన్నాడు సేటు. "ఇన్నేండ్లు నా కార్ఖానాల పని చేసిండు. ఒక్క దినం ఎదురు మాట్లాడలే."

చంద్రభాగ తలెత్తింది. ఒక్క విషయంలో మాట్లాడాడు. ఆ సంగతి భవానీ పేట్‌లో ఆ గల్లీకంతా తెలుసు. సేటు సాంచాల షెడ్డును ఆనుకొనే అతని డైహౌస్ ఉంది, నూలుకు రంగులు వేసే షెడ్డు. దాని బాయిలర్‌లో బొగ్గుతో పాటు పాత టైర్లు కూడా పడేసి కాలుస్తారు. చిమ్నీలోంచి లేచే మసి గాలికి కొట్టుకొచ్చి తెల్ల తువ్వాలల మీద పడుతోందని, ఎండలు ముదరకముందే సేటు సాంచాల షెడ్డు కిటికీలన్నిటికీ రేకులు కొట్టించాడు. "ఒక్క రేకన్న తియ్యుండ్రి సేటూ, లోపల ఉడికిపోతున్నం" అని సిద్ధరాములు అడుగుతూనే వచ్చాడు. చనిపోయిన రోజు పొద్దున కూడా అడిగాడు.

"ఒక్క రేకు తియ్యమన్నడు," అంది చంద్రభాగ.

సేటు ఆ మాట వినిపించుకోనట్టు పేపరు విప్పాడు. "కాయ్ కర్నార్, ఏం జేస్తం చెల్లే. ఈ ఏడు మొత్తం దునియానే కాలిపోతున్నది. ఒడిశాల మనుషులు పిట్టల్లెక్క రాలిపోయిండ్రట. ఇగో, పేపర్ల రాసిండ్రు. భూమే వేడెక్కుతున్నదట. అంబాదాస్, నువ్వు చెప్పు, నాకంటే నీకు మంచిగ ఎరుక."

అంబాదాస్‌కు అక్కడ ఆ మాటలు చెప్పడం ఇష్టం లేదు. అయినా మేనమామ మాట. గొంతు సవరించుకున్నాడు. "బొగ్గు, పెట్రోలు కాల్చినప్పుడు ఒక గ్యాసు వస్తదక్కా. కంటికి కనబడదు. పైకి పోయి గాలిల కలిసి భూమి చుట్టూ ఉండిపోతది. ఎండను లోపలికి రానిస్తది గానీ కింది వేడిని తొందరగ బైటికి పోనియ్యదు. దేశదేశాల కార్ఖానాలు, మోటార్లు, అన్నీ కాలుస్తనే ఉన్నయి. అందుకే ఏండ్లు గడిచినకొద్ది వేడి పెరుగుతున్నదని సైంటిస్టులు అంటున్నరు."

"విన్నవా?" అన్నాడు సేటు. "అమెరికోడు కాలుస్తడు, జర్మనోడు కాలుస్తడు, మనం సస్తం. నా చేతుల ఏమున్నది?"

పేపరు మడిచి కుర్చీలోనే మరిచిపోయినట్టు వదిలేసి, సేటు లేచాడు. పోయేముందు చెప్పులు వేసుకుంటూ, "ఏమన్న కావాలంటే మల్లప్పతోని చెప్పి పంపు," అన్నాడు. మల్లప్ప ఆ కార్ఖానాలో జాబరు. సాంచాలు చెడిపోతే బాగుచేసేది అతనే. కిటికీలకు రేకులు కొట్టింది కూడా అతనే.

వాళ్లు పోయాక అంజమ్మ ఆ పేపరు తీసి చాట కింద పరుచుకొంది. ఇద్దరూ ఎదురెదురుగా కూచొని బీడీలు చుట్టడం మొదలుపెట్టారు. తడిపిన తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు వేసి చుట్టడం, కొసను గోటితో లోపలికి మడవడం, దారం చుట్టడం. చంద్రభాగ చేతులు వాటంతట అవే ఆడుతున్నాయి. ఆమె మనసు మాత్రం సేటు మాట దగ్గరే ఆగిపోయింది. మొత్తం దునియా అన్నాడు. దునియా మీద పగ పట్టడం ఎట్లా? ఆకాశాన్ని గల్లా పట్టి లాగడం ఎట్లా? కానీ సేటుకు ఇల్లుంది, ఇంటికి తలుపుంది, ఒంటికి తెల్లంగీ ఉంది.

"చిన్నమ్మా, వాడు నా మొగుని సావును ఆకాశం మీదికి నూకేసిండు," అంది.

అంజమ్మ తల ఊపింది. ఆమె మొగుడు పెంటప్పా అదే షెడ్డులో సాంచా నడుపుతాడు. సిద్ధరాములు కన్నా వయసులో చాలా పెద్ద. అయినా ఇద్దరూ ఒకే బీడీ పంచుకొని తాగేవాళ్లు. "మీ కాకా గూడ రోజు రాత్రి ఉడుకుకు డొక్కలు కొట్టుకుంట పంటడు బిడ్డా. ఏం జేస్తం," అంది.

మర్నాడు మున్సిపల్ నల్లా దగ్గర బిందెల వరుసలో ఉండగా అంబాదాస్ సైకిల్ మీద పోతూ కనిపించాడు. చంద్రభాగ వరుస వదిలి రోడ్డు మీదికి వచ్చింది. అతను దిగక తప్పలేదు.

"సారూ, మన చిమ్నీల నుంచి గూడ ఆ గ్యాసు వస్తదా?"

"వస్తదక్కా."

"మసి, అది, రెండు ఒక్కటేనా?"

"కాదు. మసి కొన్ని దినాల్ల కింద పడిపోతది. గ్యాసు పడదు. శానా ఏండ్లు, నూరేండ్లు గూడ పైన్నే ఉంటది. కానీ మన చిమ్నీ ఎంత, చెరువుల చెంబెడు నీళ్లు పోసినట్టు."

"మరి షెడ్డు లోపలి వేడి? అది గూడ అమెరికోడే పంపిండా?"

అంబాదాస్ హ్యాండిలు బార్ వైపు చూశాడు. "అది గాదు," అన్నాడు మెల్లగా. "బైట ఎండ పెరిగింది నిజమే. లోపల గాలి బందువెట్టింది మామనే. నేను చెప్పి చూసినక్కా. ఎక్స్‌పోర్టు మాలు, ఒక్క మచ్చ పడ్డా వాపస్ వస్తదన్నడు."

ఆ మాట ఆమెకు చాలు. నిండిన బిందె చంకనెత్తుకొని ఇంటికి నడిచింది. నీళ్లు తొణికి చీర తడుస్తున్నా చూసుకోలేదు.

ఇక్కడ ఇట్లా ఉండగా అక్కడ కార్ఖానాలో ఇంకో ముసలం పుట్టింది. సిద్ధరాములు పడిపోయిన మూల సాంచా దగ్గరికి ఎవరూ పోవడం లేదు. ఒకరోజు పోగును అటూ ఇటూ మోసే దాని నాడె బెల్టు వేయకుండానే కదిలిందని ఒకడన్నాడు. ఇంకొకడు వెనక నుంచి ఎవరో తన బనీను లాగారన్నాడు. మూల సాంచా వదిలేస్తే పక్క సాంచా, ఆ తర్వాత దాని పక్కది. మెల్లగా సగం షెడ్డు ఆగిపోయింది. జర్మనీ పోవలసిన తువ్వాలలు నేసిన బట్ట చుట్టే భీముల మీదే నిలిచిపోయాయి.

మల్లప్ప వచ్చి గడప బయటే గొంతు కూచున్నాడు. "వదినా, సేటు శాంతి పూజ పెట్టిస్తడట. నువ్వొచ్చి, మా ఆయన ఆత్మకు ఏం కొదువ లేదు అని నలుగురిల చెప్పాలె. గదొక్కటి చెప్తే మనుషులు పనిల నిలబడుతరు."

"ఆ దినం ఎట్ల పడిండు మల్లప్పా? నాకు ఎవరు పూరా చెప్పలే."

మల్లప్ప నేల మీద వేలితో గీతలు గీశాడు. "పొద్దుగాల చెమట కారింది, అందరికీ కారినట్టే. తర్వాత ఆగిపోయింది. బనీను ఎండిపోయింది. ఒళ్లు పెంకు లెక్క కాలుతున్నది. పోగు తెగితే అతికియ్యబోయి గాలిని పట్టుకున్నడు. నన్ను చూసి, బండి వచ్చిందా అన్నడు. ఏ బండో తెల్వదు. గట్లనే భీము మీద ఒరిగిండు."

చంద్రభాగ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"మా ఆయన కలలకొచ్చిండు," అంది. "ఏం గావాల్నో చెప్పిండు. పూజల సేటు తానే కూచోవాలె. పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. సాంచాలన్నీ నడవాలె, మూలది గూడ. రేకు ఒక్కటి గూడ తియ్యొద్దు, తలుపు మూసుండాలె. నేను ముట్టిచ్చిన దీపం ఆరేదాక సేటు లేవొద్దు. గిట్ల జేస్తే పోతడట. లేకుంటే అక్కడనే ఉంటడట."

మల్లప్ప ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధమని తెలిసిందో లేదో, "చెప్త," అని లేచాడు.

ఆమె పుట్టి బుద్ధెరిగి చెప్పిన పెద్ద అబద్ధం అదే. చెప్పాక ఒంట్లో ఒణుకు పుట్టలేదు సరికదా, మొగుడు పోయాక మొదటిసారి ఆ పూట ఆకలయింది. జొన్నరొట్టె చేసుకొని, ఉల్లిగడ్డ నంజుకొని తృప్తిగా తిన్నది.

సేటు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, మాలు పోవాలి. మూల సాంచా నడిపేదెవరన్న దగ్గర మాత్రం మళ్లీ మాట ఆగింది. అందరూ తలలు దించుకున్నారు. పెంటప్ప ముందుకొచ్చాడు. "నేను నడుపుత. వాడు నన్నేం జేస్తడు. వాని బీడీల సగం నేను తాగినోన్ని," అన్నాడు.

ఆ సంగతి అంజమ్మ వచ్చి చెబితే, చంద్రభాగ చేతిలోని ఆకు ఒక్క క్షణం ఆగింది. "కాకెందుకు?" అంది. అంజమ్మ, "సిద్ధరాములు పని, నేను గాకుంటె ఎవరు జేస్తరంటున్నడు," అంది. చంద్రభాగ మళ్లీ ఆకు కత్తిరించసాగింది. వద్దని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె కళ్ల ముందు సేటు తెల్లంగీ తప్ప వేరే ఏదీ లేదు.

పూజ రోజున ఇత్తడి దీపపు కుందె ఇంటి నుంచే తీసుకుపోయింది. అందులో నూనె అంచుల దాకా పోసింది. వత్తి కోసం కండె నూలు పేనింది, సన్నగా, గట్టిగా. సన్న వత్తి ఎక్కువసేపు వెలుగుతుంది. షెడ్డులో మార్కండేయ స్వామి పటం కింద పీట వేశారు. సేటు పట్టు పంచె కట్టుకొని కూచున్నాడు. అయ్యగారు మంత్రాలు తొందర తొందరగా చదివి, దక్షిణ అందుకొని, గాలి కోసం బయటికి పోయాడు. మల్లప్ప తలుపు మూసి మోటారు వేశాడు. సాంచాలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి.

ఆ చప్పుడు తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. చెవిలో అరిచినా మాట వినపడదు. అక్కడి మనుషులు పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. కప్పు రేకులు ఎండకు కాలి టకటకమంటున్నా, ఆ చప్పుడు కూడా ఇందులో మునిగిపోతుంది. నూలు పొట్టు గాలిలో తేలుతూ కనుబొమల మీద, మీసాల మీద, సేటు పట్టు పంచె మీద వాలుతోంది. పంకా వేస్తే పోగులు తెగుతాయని ఆ షెడ్డులో పంకాల్లేవు.

చంద్రభాగ దీపానికి అవతలి పక్క సేటు ఎదురుగా కూచుంది. అతని ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. మొదట చెవుల పక్క నుంచి చెమట జారింది. తర్వాత జంధ్యం తడిసి ఛాతీకి అతుక్కుంది. చెంబెడు నీళ్లు తాగాడు. ఇంకో చెంబు నెత్తిన పోసుకున్నాడు. దీపం వైపు చూశాడు, ఇంకా నిండుగానే ఉంది. ఆమె వైపు చూశాడు. ఆమె రెప్ప వాల్చలేదు. లోలోపల తీపిగా ఉంది ఆమెకు, చెరుకు రసం తాగినట్టు. నీకు అమెరికోడు గుర్తొస్తున్నడా సేటూ, అనుకుంది. పేపరు తెచ్చుకోలేదా? కూచో. ఇంకా కూచో. ఒక్క పూట కూచుంటేనే గిట్లయితివి, ఆయన ఎండాకాలమంతా నిలబడ్డడు.

సేటు నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. తల మాటిమాటికీ ముందుకు వాలుతోంది.

ఆ సమయంలోనే ఆమె మూల వైపు చూసింది. పెంటప్ప సాంచా మీద వంగి ఉన్నాడు. చుట్టుపక్కల ఉన్న ప్రతి మనిషి బనీనూ నీళ్లలో ముంచి తీసినట్టుంది. పెంటప్పది ఎండిపోయి ఉంది. అతను తెగిన పోగు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి పోగుకు జానెడు పక్కగా పోయింది.

చూసింది. తెలిసింది. మల్లప్ప చెప్పిన మాటలన్నీ చెవిలో మోగాయి. లేవాలి అనుకుంది. మళ్లీ సేటు వైపు చూసింది. అతని కళ్లు మూతలు పడుతున్నాయి, ఒళ్లు పక్కకు ఒరుగుతోంది. ఇంకొంచెం. దీపంలో నూనె సగానికి దిగింది. ఇంకొంచెంసేపు ఆగితే వీడు పడిపోతాడు, ఆ మూల మనిషి అంతవరకూ ఓర్చుకోడా అనుకుంది. పిడికిళ్లు బిగించి అట్లాగే కూచుంది.

సేటు పడలేదు. మూడు పూటలా నెయ్యి వేసుకొని తినే ఒళ్లు, నెత్తిన చెంబుల కొద్దీ నీళ్లు. మూలన పెంటప్ప, ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగి, భీము మీద ఒరిగి, అక్కడి నుంచి నేల మీదికి జారాడు.

చంద్రభాగ దీపాన్ని అరచేత్తో కొట్టి ఆర్పేసింది. నూనె చెయ్యంతా కాల్చింది. లేచి, గోడవారగా ఉన్న పొడుగాటి ఇనప గజం అందుకొని, పెంటప్ప నెత్తి మీది కిటికీ రేకును పొడిచింది. రెండో పోటుకు మేకులు ఊడి రేకు వేలాడింది, మూడో పోటుకు బయటికి పడిపోయింది. మల్లప్ప పరుగెత్తి మోటారు ఆపాడు. మనుషులు తలా ఒక కిటికీ మీద పడ్డారు. ఏది దొరికితే దానితో కొట్టారు.

సాంచాలు ఆగిన ఆ నిశ్శబ్దంలో, విరిగిన కిటికీల్లోంచి వెలుగుతో పాటు నల్లటి మసి తునకలు మెల్లగా దిగుతున్నాయి. వేడిగాలి పైనుంచి బుస్సున బయటికి పోతోంది. ఎవరో పెంటప్ప తల ఒళ్లో పెట్టుకున్నారు. అప్పుడు సేటు గొంతు వినిపించింది.

"తువ్వాలలు," అన్నాడు. పీట మీద నుంచి లేవలేక, ఒక చెయ్యి నేల మీద ఆన్చి, "తువ్వాలలు కప్పుండ్రిరా, మసి పడ్తున్నది," అన్నాడు.

సాంచాలు నడుస్తుంటే ఆ మాట ఎవరికీ వినపడేది కాదు. ఇప్పుడు అందరికీ వినపడింది. ఎవరూ కదల్లేదు. మల్లప్ప సేటు ముఖంలోకి ఒకసారి చూసి, పీట పక్కనున్న నీళ్ల బిందె ఎత్తుకుపోయి పెంటప్ప ఒంటి మీద పోశాడు. తర్వాత మగ్గం మీది తెల్ల తువ్వాల బట్టను కత్తితో బారెడు కోసి, తడిపి, పెంటప్ప ఛాతీకి చుట్టాడు. నలుగురు కలిసి ఆటోలో వేసుకొని సర్కారు దవాఖానకు తీసుకుపోయారు.

మరునాడు సేటు మల్లప్పను పిలిచి రేకులు మళ్లీ కొట్టమన్నాడు. మల్లప్ప నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. సుత్తి తెచ్చాడు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలుపెట్టి కాసేపు నిలబడి దిగాడు. "నాతోని గాదు సేటూ," అన్నాడు. సేటు ఇంకొకడికి చెప్పాడు. వాడు తెగని పోగును అతికిస్తున్నట్టు వంగాడు. ఇంకొకడికి చెబితే వాడు బీడీ తాగడానికి బయటికి పోయాడు. నిచ్చెన సాయంత్రం దాకా అట్లాగే గోడకు ఆని ఉంది. ఎవరూ గొడవ చెయ్యలేదు, ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఎక్కలేదు, అంతే.

కిటికీలు తెరిచుంటే మసి పడుతుంది. మసి పడితే మాలు పోదు. చివరికి సేటే తెల్ల మాలు పూర్తయ్యేదాకా బాయిలర్ చల్లార్చమన్నాడు. చిమ్నీ పొగ లేకుండా నిలబడింది. డైహౌస్ పని బయటికి పంపించుకోవలసి వచ్చి, సేటు మనిషి సగమయ్యాడని గల్లీలో చెప్పుకున్నారు. సిద్ధరాములు అనుకున్నది సాధించుకొని పోయాడన్నారు. ఎదురుపడిన ఆడవాళ్లు చంద్రభాగ చెయ్యి పట్టుకున్నారు.

ఆమె ఆ చిమ్నీ కిందుగా నడిచి దవాఖానకు పోయింది. ఎండ ఎప్పటిలాగే నెత్తిని కాలుస్తోంది. పొగలేని చిమ్నీ చూస్తే గుండె నిండుతుందనుకుంది. నిండలేదు.

పెంటప్ప బతికాడు. కళ్లు తెరిచాడు, నీళ్లు తాగుతున్నాడు. కానీ మాట ముద్దగా వస్తోంది, చేతులు ఒణుకుతున్నాయి. ఇంక పోగు పట్టలేడని డాక్టరు చెప్పాడట. అంజమ్మ మంచం పక్కన నేల మీద కూచొని, తడిగుడ్డతో అతని కాళ్లు తుడుస్తోంది. చంద్రభాగ వచ్చి నిలబడితే తల ఎత్తలేదు.

"చిన్నమ్మా."

అంజమ్మ గుడ్డ పిండింది. "నీకు కల వచ్చిందా?" అంది.

చుట్టుపక్కల మంచాల వాళ్లు ఇటు తిరిగారు. వార్డులో ఎంతమంది వడదెబ్బ మనుషులో, కింద పరుపుల మీద కూడా ఉన్నారు. చంద్రభాగకు చెప్పడానికి మాటలు దొరక్కపోలేదు. ఎండ గట్లున్నది. సేటు రేకులు కొట్టించిండు. కాకనే నడుపుత అన్నడు. అన్నీ నిజాలే. ఒక్కొక్కటే నాలుక దాకా వచ్చింది. ఆమె కాలిన చేతిని కొంగులో దాచుకొని కింద కూచుంది.

"రాలే," అంది. "అబద్ధం చెప్పిన. సేటు పడిపోవాల్నని కూచోబెట్టిన."

అంజమ్మ చేతిలో గుడ్డ ఆగింది.

"కాకా బనీను ఎండిపోయింది, నేను చూసిన చిన్నమ్మా. చూసి గూడ లేవలే. దీపం దిక్కు చూసుకుంట కూచున్న. ఇది నేనే చేసిన. ఎండ గాదు, సేటు గాదు. నేనే."

అంజమ్మ చాలాసేపు ఆమె వైపు చూసింది. ఆ చూపు చంద్రభాగకు తెలుసు. పీట మీద కూచున్న మనిషిని ఆ పూటంతా తను చూసిన చూపు అది.

"ఈ మాట నేను మర్చిపోను," అంది అంజమ్మ.

"మర్చిపోకు."

పెంటప్ప మంచం మీద ఏదో ముద్దగా అన్నాడు. ఇద్దరికీ అర్థం కాలేదు. అంజమ్మ లేచి అతని నోటికి గ్లాసు అందించడానికి తంటాలు పడింది. అతని తల ఒక పక్కకు జారిపోతోంది. చంద్రభాగ అడగకుండానే వెనక్కి వెళ్లి, అతని మెడ కింద కాలని చెయ్యి పెట్టి లేపి పట్టుకుంది. అంజమ్మ వద్దనలేదు, పలకరించనూ లేదు. నీళ్లు కొంచెం కొంచెంగా పోసింది. అతను తాగాడు.